చెవులపిల్లులు, ఒక గోనెసంచెడు వెంట్రుకలు

1999 మే నెల, ఒక ఆదివారం. ఉన్నవారు: నాయన, నేను, పక్కింటి సండిగలవ్వ, ఆమె కోడలు. చెవులపిల్లులు రెండు (ఒకటే రెండుసార్లు వచ్చిందేమో, నిర్ధారణ కాలేదు).

ఆ రోజుల్లో నాకు ముప్పై రెండేళ్లు. గుంతకల్లులో ఒక స్టోరులో గుమాస్తాగా కొత్తగా చేరినవాణ్ణి. ప్రతి వస్తువుకూ ఒక చీటీ, ప్రతి సమస్యకూ ఒక పద్ధతి ఉంటుందని గట్టిగా నమ్మేవాణ్ణి. పద్ధతి దొరికితే బుద్ధితో పని లేదని కూడా నమ్మేవాణ్ణని ఇప్పుడు తెలుస్తున్నది. శనివారం సాయంత్రం, యాడికి అనే ఊరికి దగ్గరున్న మా పల్లెకు వచ్చేవాణ్ణి. ఇంటి వెనక నాయన స్నానాల నీళ్లతో, అంట్లు కడిగిన నీళ్లతో మూడు మడులు బతికిస్తున్నాడు: గోంగూర, అలసంద, చిక్కుడు. ఆ ఎండాకాలం గుట్ట మీద గడ్డిపోచ లేదు. అడవి కుందేళ్లు, మావైపు చెవులపిల్లులంటాం, తెల్లవారేలోగా ముళ్లకంప కంచె సందుల్లోంచి దూరి, అలసంద తీగలను కత్తెర వేసినట్టు కొరికి పోతున్నాయి. ఏ మడిలో ఎన్ని తీగలు పోయాయో నేను డైరీలోకి ఎక్కించాను. దానివల్ల తీగలకు ఒరిగిందేమీ లేదు.

“తిననీలేప్పా. వాటికి మాత్రం ఇంగ యాడుండాది పచ్చన?” అన్నాడు నాయన.

నేను వినలేదు. చేన్లోకి అడవిపందులు రాకుండా గట్ల వెంబడి కటింగు షాపు వెంట్రుకలు చల్లడం మావైపు రైతులు చేసేదే. పందికి పనిచేసేది కుందేలుకు ఎందుకు పనిచేయదు? యాడికిలో కటింగు షాపాయనను అడిగితే గోనెసంచి నిండా ఇచ్చాడు. “యాడికి అంతా ఉండాది అందులో, జాగర్త” అన్నాడు.

“నీళ్లు చల్లి, తడి మింద పరుచు. పొడినేలలో అది నిలవదు” అని నాయన చెప్పాడు. తడపాలంటే రెండు కడవల నీళ్లు. రెండు కడవలంటే చిక్కుడుకు ఒక రోజు బతుకు. నీళ్లు మిగిల్చానన్న గర్వంతో పొడినేల మీదే పరిచాను.

పది గంటలకు గాలి లేచింది.

పక్కింటి అవ్వ పెండ్లిండ్లకు సండిగలు (బియ్యప్పిండి వడియాలు) పెట్టి ఇచ్చే మనిషి. ఆ పొద్దున మిద్దె మీద తెల్లగుడ్డ నిండా పెట్టి ఉంచింది, ఇంకా తడి ఆరనివి. కాసేపటికి ఆమె గొంతు వినిపించింది.

“జడ ఇరబోసుకొని పిండి కలిపినావేమే? పెండ్లోళ్లకు ఏం మొగం పెట్టుకొని ఇయ్యాల నేను?”

“కొప్పు ముడేసుకొనే కలిపినా అత్తా.”

“మరి ఈ ఎంటికలు ఆకాశంలోంచి పడినాయా?”

నిజానికి ఆకాశంలోంచే పడ్డాయి. ఆ మాట చెప్పవలసినవాణ్ణి గోడకు ఇవతల ఖాళీ గోనెసంచి పట్టుకొని నిలబడి ఉన్నాను. కోడలు కాపురానికి వచ్చి ఆర్నెల్లు. ఊరంతా మెచ్చుకొనే పొడుగు జడే ఆ పూట ఆమె మీద సాక్ష్యమైపోయింది. వీధిలో జనం ఆగి వింటున్నారు. “రేపు మొదటి బస్సుకు మీ అమ్మోళ్లింటికి పో. నా పిండి ముట్టొద్దు నువ్వు” అని అవ్వ తేల్చేసింది. నేను సంచి మడతపెట్టాను. అంచులు కలిసేలా, చాలా శ్రద్ధగా మడతపెట్టాను.

“పోయి చెప్పప్పా” అన్నాడు నాయన.

“అవ్వ కోపం తగ్గనీ నాయనా.”

మధ్యాహ్నం “తగ్గినాదా?” అని అడిగాడు. సాయంత్రం ఏమీ అడగలేదు. నేను చాలాసార్లు గోడ దాకా పోయి వచ్చాను.

మర్నాడు పొద్దున చూస్తే, చెవులపిల్లులు అలసంద ముగించి చిక్కుడు మొదలుపెట్టాయి. నేల మీద ఒక్క వెంట్రుక లేదు. సోమవారం డ్యూటీకి పోవాలంటే ఆ మొదటి బస్సే నాకూ దిక్కు. ఎక్కేసరికి ఆమె కిటికీ పక్కన, ఒళ్లో సంచితో కూర్చొని ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. పక్కన నిలబడి, ఇంకెవరికీ వినపడకుండా చెప్పాను: “పాపా, ఆ ఎంటికలు నావి. నావంటే, నేను తెచ్చినవి. చెవులపిల్లుల కోసరం.”

ఆమె నా వైపు తిరిగింది.

“గట్టిగా చెప్పన్నా” అంది. “నిన్న మా అత్త అరిసింది ఊరంతా ఇన్నారు.”

కండక్టరు విజిలు నోట్లో పెట్టుకొనే ఆగిపోయాడు. గట్టిగా చెప్పాను. షాపు, సంచి, మిగిల్చిన రెండు కడవల నీళ్లు, అన్నీ వరుసగా చెప్పాను. బస్సంతా నవ్వింది. “చెవులపిల్లులకు కటింగు చేపించినావా అన్నా?” అన్నాడు కండక్టరు. ఆమె మాత్రం నవ్వలేదు. “ఇంగ మా అత్తకు చెప్పుదువు రా” అని, సంచి నా చేతికిచ్చి దిగింది.

బస్సు వెళ్లిపోయింది. ఆమె ముందు, నేను వెనక. ప్రతి గడపలోనూ ఎవరో ఒకరు నిలబడి చూస్తున్నారు. ఆ సంచి మోస్తూ, అవ్వకు ఏ మాట ముందు చెప్పాలో వరస కూర్చుకుంటూ, అడుగడుక్కీ వెనకబడిపోతున్న ఆ గుమాస్తా నాకు ఇప్పటికీ కనబడుతుంటాడు. వాడి మీద ఇప్పుడు కోపం రాదు. కాస్త బిరాన నడువప్పా, అనాలనిపిస్తుంది.