మందుల పెట్టెల ఊరు

ఆదివారాలు బల్ల మీద బొమ్మ సైనికులతో యుద్ధాలాడే మిత్రబృందానికి ఆ బల్ల మీది బొమ్మ ఊళ్లు కట్టిపెట్టేది వాళ్లలో ఒకడైన బస్సు కండక్టరే. కొన్న సామాను దాదాపు ఉండదు. భార్య మందులు వచ్చే అట్టపెట్టెలే ఇళ్లు. నున్నటి అచ్చు వైపు రంగు పట్టదు కనుక, పెట్టెను విప్పి, లోపలివైపు బయటికి తిప్పి అంటిస్తాడు. వాడేసిన టీపొడిని ఎండబెట్టి జిగురు మీద చల్లితే అదే మట్టి. తర్వాత గోడల అంచుల్ని చేత్తో చింపి, కప్పు కూలదోసి, కిటికీల పైన మసి పూస్తాడు. యుద్ధం జరిగిన ఊరు మరెలా ఉంటుంది. ఆమె మంచం మీంచి చూస్తూ ఉండేది. జబ్బు ముదిరేకొద్దీ పెట్టెలు పెరిగాయి, వీధికి వీధి లేచింది. "నా రోగం పుణ్యమా అని నీ ఊరు బాగానే పెరుగుతోంది" అని నవ్వేది. ఒకసారి మాత్రం నవ్వకుండా అడిగింది. "అన్నీ కూలిన కొంపలేనా? ఒక్క ఇల్లయినా నిలబెట్టవయ్యా." "నిలబెడతాలే" అన్నాడు, చేతిలో ఉన్న గోడను చింపుతూనే.

ఆమె పోయాక మొదటిసారి ఆటకొచ్చినప్పుడు కొత్త ఇల్లొకటి తెచ్చి ఊరి మధ్యలో పెట్టాడు. నాలుగు గోడలూ, కప్పూ, మూసిన తలుపూ. "ఇదేంటన్నా, దీనికి గుండు తగల్లేదా?" అంటూ బృందంలోని మెకానిక్ దాన్ని ఎత్తాడు. గలగలమని చప్పుడైంది. "లోపలేదో ఉండిపోయినట్టుంది. కప్పు తీసి చూడనా?"

"వద్దురా. మాత్రలు" అన్నాడు కండక్టరు. "మీ వదిన వేసుకోకుండా మిగిలినవి."

మెకానిక్ ఆ ఇంటిని రెండు చేతులతో, చప్పుడు కాకుండా, తీసినచోటే పెట్టాడు. ఆ రోజు ఎవరి సైనికులూ ఆ వీధిలోకి పోలేదు.