ఇంజిన్ తిప్పొద్దన్న గొంతు

మా జాలరిపేటలో పిల్లలకి సముద్రం మీద దెయ్యాల కథలు అన్నంతోపాటే తినిపిస్తారు. నాకూ తినిపించారు గానీ అరగలేదు. మా నానమ్మ కథ చెబుతుంటే మధ్యలో "ఆ దెయ్యానికి ఈత ఎవరు నేర్పారు?" అని అడిగి మొట్టికాయలు తిన్నదాన్ని. ఇప్పటికీ దెయ్యాలంటే నాకు నవ్వే. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో దెయ్యం లేదు కూడా. ఉన్నది నేనే. ఇబ్బంది అంతా అక్కడే ఉంది.

పెళ్లయ్యాక మల్కాపురంలో ఉంటున్నాను. విశాఖపట్నం పోర్టుకి వచ్చే ఆయిల్ ట్యాంకర్ల పనులు చూసే ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో ఉద్యోగం. ట్యాంకర్ అంటే బస్సులా వచ్చి స్టాండులో ఆగిపోయేది కాదు. కొన్ని రోజుల ముందు నుంచే ఎప్పుడు చేరుతుందో చెబుతూ ఉండాలి. ఎంత ఆయిలుంది, ఓడ నీళ్లలో ఎంత లోతు మునిగి ఉంది, ఇంతకుముందు ఏ రేవుల్లో ఆగింది, మనుషుల్లో ఎవరికైనా జ్వరాలున్నాయా, ట్యాంకుల్లో నిప్పు అంటుకునే గాలి లేకుండా చూసుకున్నారా, ఇవన్నీ రాసి పంపాలి. వచ్చాక బయట సముద్రంలో లంగరు వేసి, రేడియోలో పోర్ట్ కంట్రోల్‌కి వచ్చామని చెప్పి, వాళ్లు పిలిచేదాకా కూర్చోవాలి. పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలుండవని మా ఆఫీసులో అనుకుంటూ ఉంటాం.

పిలుపు వచ్చే ముందు ఇంకో పని ఉంటుంది. ఓడని లోపలికి తీసుకెళ్లే పైలట్ ఎక్కేలోగా, ఇంజిన్‌ని ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ తిప్పి చూసి, బాగానే ఉందని తెలియజేయాలి. ఆ సంగతి గుర్తుచేస్తూ ఓడకి మెయిల్ పెట్టేది నేనే. ఏదైనా ఆలస్యమైతే మెయిల్ చివర్లో "నా నుంచి కబురు వచ్చేదాకా దయచేసి ఆగండి" అని ఇంగ్లీషులో రాస్తాను. మిగతావాళ్లంతా "మా ఆఫీసు నుంచి" అని రాస్తారు. నాకెందుకో మొదటి నుంచీ "నా నుంచి" అనే అలవాటు. ఓడేమైనా నీ సొంతమా అని మా మేనేజర్ ఏడిపిస్తుంటారు.

ఇక మా నాన్న. ఆయనకి ఒక ఫైబర్ బోటు ఉంది, ఇప్పటికీ వేటకి వెళ్తారు. లంగరు వేసిన ఓడ నీడలోకి చేపలు చేరతాయి. వంజరం కూడా దొరుకుతుంది. అందుకని ఆయన ఓడల పక్కకి పోతుంటారు. అలా పోకూడదు, పోతే పట్టుకుంటారు, పట్టుకోకపోతే ప్రాణమే పోతుంది. ఈ మాట ఆయనకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. నేను చెబుతున్నంతసేపూ బుద్ధిగా వింటారు. అయిపోయాక "టీ తాగుతావేటి?" అంటారు.

ఇది జరిగిన రోజుకి రెండు రోజుల ముందు నుంచీ నాకు జ్ఞానదంతం వాచిపోయి, పక్క దవడ బొండాలా తయారైంది. లంగరు మీద ఒక ట్యాంకర్ ఉంది. మధ్యాహ్నానికి పైలట్‌ని ఇస్తున్నారని తెలిసింది. ఇంజిన్ పరీక్ష చేసి సిద్ధంగా ఉండండి అని పొద్దున్నే మెయిల్ పెట్టేసి, సెలవు చీటీ రాసి, గోపాలపట్నంలో పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఈసారి ఆలస్యమేమీ లేదు కాబట్టి ఆగమని రాయలేదు.

కుర్చీలో పడుకోబెట్టి చిగుళ్లలో సూదులు పొడిచారు. కాసేపటికి నాలుక నాది కాకుండా పోయింది. నోటినిండా దూది, మధ్యలో ఏదో పైపు. నేను కళ్లు మూసుకున్నాను. డాక్టరుగారు "మాట్లాడకండమ్మా" అని ఎవరినో అంటుంటే వినపడింది. నన్నే అని తర్వాత తెలిసింది. పన్ను వచ్చేశాక ఆయన చేతులు కడుక్కుంటూ, "కదలొద్దంటే అంత పట్టుదలగా ఎవరితో మాట్లాడారండీ?" అని నవ్వారు. పక్కనున్న నర్సమ్మాయి కూడా అవునంది. నాకేమీ గుర్తులేదు. సాయంత్రం దాకా నోరు మొద్దుబారి, మా ఆయనకి అన్నీ సైగలతోనే చెప్పాను. ఆ పూట ఇల్లు చాలా ప్రశాంతంగా ఉందని ఆయన ఇప్పటికీ తలుచుకుంటారు.

ఆ ట్యాంకర్ ఆ సాయంత్రమే రేవులోకి చేరింది. మర్నాడు వాచిన బుగ్గతోనే కాగితాలు పట్టుకుని ఎక్కాను. కెప్టెన్ మలయాళీ, నిదానమైన మనిషి. అంతకుముందు రెండుమూడుసార్లు ఫోనులో మాట్లాడుకున్నాం. కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి, "నిన్న మీరు రేడియోలో చెప్పకపోతే ఘోరం జరిగిపోయేది" అన్నారు.

పోర్ట్ కంట్రోల్ వాళ్లనుకుని పొరబడ్డారేమో అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. మెయిల్ చూసి, ఇంజిన్ తిప్పమని కిందికి చెప్పబోతుండగా రేడియోలో ఆడగొంతు ఓడ పేరు పెట్టి పిలిచిందట. ఇంజిన్ తిప్పొద్దు, నా నుంచి కబురు వచ్చేదాకా దయచేసి ఆగండి, అని చెప్పిందట. కాస్త ఆగి మళ్లీ అదే మాట చెప్పిందట. టైమైపోతోందని ఆయనకి చిరాకేసింది గానీ ఆగారు. పక్కనున్న ఆఫీసరు కూడా విన్నాడు. "మీ గొంతు నాకు తెలుసు కదా, ఆ మాట కూడా మీదే" అన్నారు కెప్టెన్.

ఎందుకు ఆగమన్నారో చూసి రమ్మని ఆయన ఒక సెయిలర్‌ని ఓడ వెనక్కి పంపారు. అతను కిందికి తొంగిచూస్తే, సరిగ్గా ఇంజిన్ తిప్పితే తిరిగే ఫ్యాన్ ఉండే చోట నీళ్ల మీద చిన్న బోటు ఉంది. వల ఓడ చుక్కానికి చిక్కుకుంది. ఒక పెద్దాయన బోటులోంచి సగం బయటికి వంగి, వల తెగకుండా విడదీసే ప్రయత్నంలో ఉన్నాడు. పైనుంచి అరిచి, తాడు వేసి, వల కోయించి, బోటు దూరం వెళ్లాకే ఇంజిన్ తిప్పారు.

ఆ సెయిలర్ ఫోటో కూడా తీశాడు. కెప్టెన్ ఫోన్ నా ముందు పెట్టారు. తలకి తువ్వాలు, చేతిలో ఓడవాళ్లు కిందికి దించిన బ్రెడ్డు ప్యాకెట్టు, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న మా నాన్న.

నేను కాఫీ పక్కన పెట్టేసి దవడ పట్టుకున్నాను. ఆ ఫ్యాను రెక్కలు మా ఇంటి కప్పుకంటే ఎత్తుంటాయి. తిప్పమని రాసిన మెయిల్ నాది. కెప్టెన్ పంటి నొప్పి అనుకుని ఐసు తెప్పించారు. అది బుగ్గకి అదుముకుని, ఆయన మా నాన్న అని కూడా చెప్పలేక దిగి వచ్చేశాను.

పోర్ట్ కంట్రోల్‌లో తెలిసిన ఆయన్ని అడిగాను. ఆ పూట డ్యూటీలో ఆడవాళ్లెవరూ లేరు, అలాంటి మాట అక్కడ ఎవరికీ వినపడలేదు అన్నారు. మా ఆఫీసులో రేడియో సెట్టే లేదు. ఉన్నా, నేను గోపాలపట్నంలో నోరు తెరుచుకుని పడుకుని ఉన్నాను.

అట్నుంచి అటే పేటకి వెళ్లాను. నాన్న ఒడ్డున బోటు పక్కన కూర్చుని తెగిన వల కుట్టుకుంటున్నారు. నేను ముందు ఏడ్చాను, తర్వాత తిట్టాను. ఫోటో చూశానని చెప్పేసరికి ఆయన చెయ్యి ఆగింది.

"వల ఒగ్గీసి ఎలాగొచ్చీమంటావే? కొత్త వల" అన్నారు.

"ఆ ఫ్యాన్ తిరిగుంటే ఏమయ్యేది నాన్నా?"

"తిప్పరని నాకు తెల్సు."

"ఎలా తెలుసు?"

ఆయన నా వైపు వింతగా చూశారు. "నువ్వున్నావు గదే ఆపీసులో. మీ నాన్న కిందుంటే నువ్వు తిప్పనిత్తావేటి?"

ఇన్నాళ్లూ ఆయన ధైర్యం అదేనని నాకు అప్పుడు తెలిసింది. నేను పని చేసేది ఓడల ఆఫీసులో కాబట్టి ఏ ఓడా తనని ఏమీ చెయ్యదని ఆయన నమ్మకం. నేను ఆఫీసులో లేనని, పన్ను పీకించుకుంటున్నానని, ఆయన అక్కడున్నట్టు నాకు తెలియనే తెలియదని చెప్పాను. ఆయన మళ్లీ వల చేతిలోకి తీసుకున్నారు.

"అయితే ఏటయింది? ఆగారు గదా" అన్నారు. తర్వాత నా గడ్డం పట్టుకుని బుగ్గ తిప్పి చూసి, "నొప్పి తగ్గిందా?" అని అడిగారు.

ఆ రోజు అక్కడే ఉండిపోయాను. అమ్మ మెత్తగా అన్నం పిసికి చేపల పులుసుతో పెట్టింది. ఒక పక్కతో నములుతూ, ఎదురుగా నాన్న ముళ్లు తీసుకుంటూ తింటుంటే చూస్తూ కూర్చున్నాను. అంత రుచిగా నేనెప్పుడూ తినలేదు.

దీన్ని అన్ని రకాలుగా ఆలోచించి చూశాను. కెప్టెన్ భ్రమపడ్డారనుకుంటే పక్కనున్న ఆఫీసరు కూడా విన్నాడు. వేరే ఎవరో చెప్పారనుకుంటే, నేను మెయిల్లో రాసే మాట వాళ్లకెలా తెలుసు? మత్తులో నేను ఏదో గొణిగానే అనుకుందాం. గోపాలపట్నం కుర్చీలో గొణిగింది నడిసముద్రంలో ఎలా వినపడుతుంది? నాకు తెలియదు. అడిగినవాళ్లందరికీ ఇదే చెబుతున్నాను.

నాన్న ఓడల దగ్గరికి పోనని అమ్మ మీద ఒట్టేశారు. ఇప్పటిదాకా పోలేదు, అంటే నాకు తెలిసి. అయినా ఇప్పుడు ఇంజిన్ పరీక్ష మెయిల్ పెట్టే ముందు ఆయనకి ఫోన్ చేస్తాను. ఒడ్డు మీదున్నానని ఆయన నోటితో చెప్పాకే పంపుతాను. ఆయన విసుక్కుంటారు, నువ్వుండగా నాకేటవుద్దే అంటారు. ఆ రోజు నా గొంతుతో మాట్లాడినవాళ్లు ఎవరైనా, ఇంకోసారి మాట్లాడతారన్న ధైర్యం నాకు లేదు.