తవిటమ్మత్త అడ్వాన్సు రాబట్టిన ఆదివారం

మా మేనత్త తవిటమ్మ ఎవరితోనూ తగువు పడదు. శృంగవరపుకోట సంతలో చింతపండు, అల్లం అమ్ముకుంటూ బతికిన మనిషి గొంతు పెంచకుండా ఎలా నెగ్గుకొచ్చిందా అని మా ఇంట్లో అందరికీ వింతే. ఆవిడ పద్ధతి వేరు. తనకు రావలసింది ఎవరైనా ఎగవేస్తే వాళ్ళతో చుట్టరికం కలుపుతుంది.

ఒకసారి గంగులు అనే దర్జీ ఆవిడ జాకెట్టు గుడ్డ తీసుకుని రేపు మాపు అని తిప్పాడు. అత్త ఒక్క మాట అనలేదు. సంత ముగిశాక రోజూ వెళ్ళి అతని మిషను పక్కన స్టూలు మీద కూర్చునేది. వచ్చిన ప్రతి ఆడమనిషితోనూ, "మా గంగులు సేతికి గుడ్డిత్తే బేంకులో ఎట్టినట్టేనమ్మా. దసరాకిచ్చినాను, ఇప్పటికీ బద్రంగా ఉన్నాది" అని మెచ్చుకునేది. గంగులు ఆ మెప్పు ఎక్కువ రోజులు భరించలేకపోయాడు. జాకెట్టు కుట్టి, చేతులకు లేసు కూడా వేసి ఇచ్చాడు.

అలాంటి అత్త మాకోసం ఒక పని చేసిపెట్టింది. ఆ పని పడడానికి కారణం కూడా ఆవిడే.

నేను ఫిజిక్స్ చదివాను. గరివిడిలో బడి పంతులుగా ఉంటూ, శ్రీకాకుళంలో ఒక జూనియర్ కాలేజీలో ఉద్యోగం తెచ్చుకున్నాను. సంక్రాంతి సెలవులయ్యాక చేరాలి. డిసెంబరులో నేనూ మా ఆవిడ భవానీ అరసవల్లిలో ఒక మేడమీద వాటా చూశాం. ఇంటాయన నరసింగరావు గారు ఏదో ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, మర్యాదగా మాట్లాడతారు. మూడు నెలల అద్దె, పదిహేను వేలు, అడ్వాన్సుగా ఆయన చేతిలో పెట్టాం. కాగితాలు, తాళం జనవరిలో చూసుకుందామన్నారు.

అత్తకు ఫోనులో చెబితే ఆవిడ వేరే లెక్క తీసింది.

"ఒరే నరేషూ, పుష్యమాసం వచ్చేత్తన్నాది. పుష్యంలో కొత్తింట కాలెడతారేటి? ఇప్పుడే పాలు పొంగించేయండి. సామాన్లు ఆనక తెచ్చుకుందురు."

అలా తాళం మా చేతికి రాకముందే ఆ ఇంట్లో పాలు పొంగాయి. అత్త గుమ్మానికి కట్టడానికి చిన్న బూడిదగుమ్మడికాయ కూడా తెచ్చింది. అందరూ పొయ్యి దగ్గర ఉండగా నేను వరండాలోకి వెళ్ళాను. అక్కడ పిట్టగోడ లేదు. నిలువు ఇనుప చువ్వల రెయిలింగు ఉంది, చువ్వల మధ్య సందులు ధారాళంగా ఉన్నాయి.

మా చిట్టికి రెండేళ్ళు. సందు కనబడితే తల పెట్టి చూస్తుంది. పసుపు దారం ముక్క తీసి దాని తల చుట్టూ కొలిచాను. అదే దారం గుమ్మడికాయకు చుట్టాను. కాయే రవ్వంత పెద్దది. ఇది దూరిందంటే చిట్టి తల కూడా దూరుతుందని కాయను రెండు చువ్వల మధ్య ఆనించి కొంచెం నొక్కాను.

ఆగలేదు. కింద నరసింగరావు గారి స్కూటరు సీటు మీద పడి పగిలింది.

అందరూ పరుగెత్తుకొచ్చారు. నరసింగరావు గారు సీటు తుడుచుకుంటూ, "పోన్లెండి, దిష్టి పోయింది" అన్నారు. రెయిలింగుకు జాలీ కొట్టించమని అడిగాను. ఇంటి అందం పోతుందన్నారు. భవాని గరివిడి చేరేదాకా చిట్టిని చంక దింపలేదు. మర్నాడు పొద్దున్నే ఆ ఇల్లు మాకు వద్దని ఫోను చేశాను.

"వద్దనడమేమిటండీ?" అన్నారాయన నెమ్మదిగా. "పాలు పొంగించేశారు కదా. పాలు పొంగితే చేరినట్టే. ఇల్లు మీదే. సామాన్లు తెచ్చుకుంటారా మానుతారా, అది మీ ఇష్టం. అద్దె మాత్రం అడ్వాన్సులోంచి నడుస్తుంది. మీరొస్తున్నారని ఇద్దర్ని పంపేశాను. పుష్యంలో కొత్తవాళ్ళు ఎవరొస్తారు చెప్పండి?"

అందులో కొంత న్యాయం ఉంది. ఆ తర్వాత మెసేజీ పెడితే గులాబీల బొమ్మతో శుభోదయం వచ్చేది. శుక్రవారం ఫోను చేస్తే లక్ష్మిని బయటికి పంపకూడదనేవారు. మిగతా రోజుల్లో ఫోను ఎత్తేవారు కాదు.

ఈలోగా శ్రీకాకుళంలోనే బలగలో ఇంకో ఇల్లు దొరికింది. జ్ఞానసుందరి గారని రిటైరైన టీచరమ్మది. నేలమీద ఇల్లు, ఒకే మెట్టు, పక్కాగా మూసుకునే గేటు. అడ్వాన్సు పదివేలు. "నెలాఖరు ఆదివారం సాయంత్రం దాకా చూస్తాను బాబూ, తర్వాత వేరేవాళ్ళకి మాటిచ్చేస్తాను" అన్నారావిడ. నా దగ్గర అంత లేదు. ఉన్నదంతా నరసింగరావు గారి దగ్గరే ఉంది. కాలేజీ మొదలైంది. నేను రోజూ గరివిడిలో రైలెక్కి ఆమదాలవలసలో దిగి బస్సు పట్టుకునేవాణ్ణి. చిట్టి లేవకముందే వెళ్ళి అది పడుకున్నాక వచ్చేవాణ్ణి. ఒక ఆదివారం పొద్దున నన్ను చూసి అది భవాని వెనక దాక్కుంది.

ఆ రోజే అత్తకు మొత్తం చెప్పాను.

"ఏటన్నాడు? మళ్ళీ సెప్పు" అంది.

"ఇల్లు మీదేనన్నాడు."

"ఆడి నోటితోనే అన్నాడా?"

"అన్నాడత్తా. పాలు పొంగితే చేరినట్టేనట."

"మంచి మాటన్నాడు. ఆకరాదివారం పొద్దున్నే పిల్లనీ పెళ్ళాన్నీ తీసుకుని అరసవల్లి రా."

మాఘమాసం ఆదివారాలు అరసవల్లిలో ఎలా ఉంటాయో చెప్పాలి. సూర్యనారాయణస్వామి దర్శనానికి వచ్చే జనంతో లాడ్జీలు నిండిపోతాయి. ఖాళీ వాటా ఉన్నవాళ్ళు దాన్ని పూటకింతని యాత్రికులకు ఇచ్చుకుంటారు. నరసింగరావు గారూ ఇస్తున్నారు, మా వాటానే.

మేం వెళ్ళేసరికి ఆయన గేటు ముందు వ్యాను ఆగి ఉంది. అత్త ఏటా తన సంతలోని ఆడవాళ్ళను దర్శనానికి తీసుకొస్తుంది. ఈసారి వాళ్ళంతా స్వామికి పాయసం వండడానికి పిడకల బస్తాలు, కొత్త కుండలు, జిల్లేడాకులు పట్టుకుని తిన్నగా ఆ మేడ మెట్లెక్కుతున్నారు. బేరం మాట్లాడుకోవడానికి వచ్చిన ఎవరో యాత్రికులు ఆ గుంపును చూసి పక్కింటికి వెళ్ళిపోయారు. నరసింగరావు గారు బనీనుతోనే బయటికొచ్చారు.

"ఏంటండీ ఇదంతా?"

"ఏటీ లేదు తమ్ముడూ, మా ఇల్లే కదాని వచ్చినాం" అంది అత్త. "పాలు పొంగితే ఇల్లు మీదేనని మా నరేషుతో అన్నావంట. ఈ రోజుల్లో అంత మాట ఎవరంతారు. మా సంతంతా నీ పేరే సెప్పుకుంతన్నాది."

ఆ మాట అంటూనే చింతపండు మూట ఆయన భార్య ధనలక్ష్మి గారి చేతిలో పెట్టింది. "కొత్త పండు, మరదలా. పిక్క తీసినాను."

"అద్దెకి దిగింది వాళ్ళు ముగ్గురే కదండీ" అన్నారాయన.

"అవును మరి. మేం సుట్టాలం. సుట్టాలింటికి సుట్టాలు రారేటి? ఈవేళ మేం. వచ్చే ఆదివారం మా ఆడపడుసోళ్ళు వస్తారు, లక్కవరపుకోట నుంచి. ఆ పై ఆదివారం బొండపల్లోళ్ళు. ఆళ్ళు కొంచెం ఎక్కువమంది. పైన గది తాళం తియ్యి తమ్ముడూ, పొద్దెక్కిపోతన్నాది."

నరసింగరావు గారు నావైపు తిరిగారు. "నరేష్ గారూ, చదువుకున్నవారు, మీరైనా చెప్పండి."

"మీరన్న మాటే చెప్పానండి. ఒక్క ముక్క కలపలేదు" అన్నాను.

పైన వరండాలో పిడకలు అంటుకున్నాయి. పొగ కిందికి దిగి ఆయన హాల్లోకి పోయింది. రెయిలింగు చువ్వల మధ్య నుంచి ఒక ముసలమ్మ తల బయటికొచ్చింది.

"ఓ బాబూ, ఆ స్కూటరు అవతలెట్టు. నీళ్ళు పోత్తన్నాం."

ఆయన స్కూటరు జరుపుతూ భార్యను చూశారు. ధనలక్ష్మి గారు చింతపండు వాసన చూస్తూ, "మీరే కదా అన్నారంట" అన్నారు.

ఆయన లోపలికి వెళ్ళారు. కాసేపటికి చొక్కా వేసుకుని, చేతిలో కవరుతో వచ్చారు.

"చూడప్పా," అన్నారు. అప్పుడే అక్క వరస కలిసిపోయింది. "మీ వాళ్ళు ఇంట్లో చేరనేలేదు. ఊరికే పాలు పొంగించారంతే. అది చేరినట్టు కాదు."

"కాదంతావా?" అత్త ఆలోచనలో పడినట్టు గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. "అయితే కాదేమో. పెద్దోడివి, నీకే తెలుస్తాది."

కవరు నాకిచ్చింది. లెక్కపెట్టబోతుంటే మోచేత్తో పొడిచింది. "సుట్టాల ముందు లెక్కెడతావేట్రా? పుష్యమాసం అద్దె తీసి తమ్ముడికిచ్చీ. మన్ని నమ్ముకుని ఇద్దర్ని పంపేసినాడు. ఆ పాపం మనకెందుకు."

ఐదువేలు తీసి ఇచ్చాను. నరసింగరావు గారు వద్దనబోయి, తీసుకున్నారు.

"ఈ పూటకి వండుకోనీ తమ్ముడూ" అంది అత్త. "పెసాదం ముందు నీకే."

మేం ముగ్గురం ఆటో ఎక్కుతుంటే వెనక ధనలక్ష్మి గారి గొంతు వినబడింది. "వచ్చే ఏడు ముందుగా ఫోన్ చెయ్యండి వదినా, మంచినీళ్ళు పట్టి ఉంచుతాను."

బలగ చేరేసరికి జ్ఞానసుందరి గారు చర్చి నుంచి అప్పుడే వచ్చి గేటు తీస్తున్నారు. పదివేలూ ఇచ్చాను. ఆవిడ రెండుసార్లు లెక్కపెట్టి, తాళంచెవి భవాని చేతిలో పెట్టారు. చిట్టి అప్పటికే ఆ ఒక్క మెట్టూ ఎక్కి దిగుతోంది.

"ఒక్క మాట బాబూ, ముందే అడగాల్సింది" అన్నారావిడ. "మీకు చుట్టాలు ఎక్కువగా వస్తారేటి?"

భవాని చిట్టి చెప్పులు వెతకడంలో మునిగిపోయింది.

"ఒక్క మేనత్త ఉందండి" అన్నాను. "చాలా నెమ్మదస్తురాలు."