చెవిలో కీచురాయి, జేబులో డబ్బా

బేరంలో నన్ను మించినవాళ్లు లేరనడానికి నా దగ్గర గట్టి సాక్ష్యముంది. రెండు చెవులూ కీచురాయిలా మోగుతుంటే, హిమాయత్‌నగర్‌లో చెవి మిషన్లమ్మే పిల్లాడిని గంటసేపు సతాయించి, జోడీ ధర మీద వాడు ఎంతకీ దిగిరాకపోతే, ఒక్క చెవికే కొని సగం సొమ్ము మిగిల్చిన మొనగత్తెలా ఇంటికొచ్చాను. మిషన్ లేని చెవిలో మోత యథాప్రకారం సాగింది. నెల తిరక్కుండా రెండోదీ కొన్నాను, విడిగా కొన్నందుకు కాస్త ఎక్కువే పెట్టి. ఆ రెండో డబ్బా మూత తీయగానే వచ్చిన కొత్త రబ్బరు వాసనకి నేను నాలుగో తరగతి పిల్లనై, నాంపల్లిలో మా తాత గిన్నెల దుకాణం మెట్టు మీద కూచున్నాను.

స్టేషన్ నుంచి ఆబిడ్స్‌కు పోయే దారిలో, ఇరానీ హోటల్ పక్కన ఉండేది మా దుకాణం. చింతపండుతో తోమిన ఇత్తడి వాసన, పక్కనుంచి వచ్చే చాయ్ వాసన, టాంగా గుర్రం గిట్టల చప్పుడు, రిక్షా గంటలు, రైలు కూత, ఒకదాంట్లో ఒకటి దూరిన గ్లాసులతో నేను కట్టే గోపురం కూలినప్పుడల్లా నాయిన పెట్టే కేక, అన్నీ కలిసి ఒకటే సందడి. పాత సామాను తెచ్చిన వాళ్లకు కొత్తది మారుగా ఇవ్వడం మా వ్యాపారం. పాత కంచు పళ్లేన్ని వేలి కణుపుతో ఒక్కటి కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, పగులుందో లేదో తాత చెప్పేవాడు. బేగం బజార్ వ్యాపారులు కూడా అనుమానమొస్తే ఆ చెవి దగ్గరికే వచ్చేవాళ్లు.

ఆ ఏడు వానాకాలంలో ఆ చెవే మోగడం మొదలుపెట్టింది. ఏ పళ్లెం మోగుతోందో, ఏది తన చెవో తెలియక తాత పగిలినవి కొన్నాడు, మంచివి తిప్పి పంపాడు. నాయిన మర్యాదగానే అన్నాడు: "ధంతేరస్ దాక చూస్త నాయినా. గప్పటికీ గిట్లనే ఉంటే ఇంటికాడ కూసో, గల్లా నేను చూస్కుంట." ధంతేరస్ అంటే ఊరంతా గిన్నెలు కొనే రోజు. తాత ఆ పూట అన్నం తినలేదు.

వినికిడి తగ్గినందుకే ఆ మోత అనీ, మిషన్ పెడితే కొంత నయమనీ దవాఖానలో చెప్పారు. ఆబిడ్స్‌లో కొన్న మిషన్ చొక్కా జేబులో పట్టే డబ్బా, దాన్నుంచి చెవిదాకా కొత్త రబ్బరు వాసనేసే తీగ. ధర తగ్గదన్నందుకు తాత ఇంకో తీగ ఊరికే రాబట్టుకున్నాడు. అంతా బాగానే ఉంది కాని, మా ఇంటి అలవాటొకటుంది: గిరాకి లేనప్పుడు దుకాణంలో బత్తి ఆర్పేస్తాం. తాత మిషన్ కూడా అట్లాగే ఆర్పేవాడు. మనిషి గడప ఎక్కగానే మీట వేసేవాడు, గిన్నెల చప్పుడు ఒక్కసారిగా మీదపడి ఉలిక్కిపడేవాడు. మనిషి దిగగానే ఆపేవాడు, నిశ్శబ్దంలో కీచురాయి మళ్లీ గొంతెత్తేది. "దగా చేసిండు బిడ్డా, వాపస్ ఇచ్చొద్దాం పా," అనేవాడు నాతో.

ధంతేరస్ ముందురోజు ఎక్కడో క్రికెట్ ఆట. తాత చెవిలో తీగ చూసి, జేబులో ట్రాన్సిస్టరుందనుకుని హోటల్ కుర్రాళ్లు మూగారు.

"సేఠ్, స్కోరెంత?"

క్రికెట్ అంటే బొత్తిగా తెలియని తాత నన్ను చూసి కన్ను కొట్టాడు. "ఇంకోడు ఔటయిండు."

"ఎవలు?"

"పొడుగోడు."

వాళ్లు గోలగోలగా ఆటగాళ్లను ఆడిపోసుకుంటూ అక్కడే నిలబడ్డారు, చాయ్ కూడా తెచ్చిచ్చారు. పాపం, వాళ్లున్నంతసేపూ మీట ఆపడానికి వీల్లేదు! మధ్యాహ్నమంతా తాత అందరినీ ఔట్ చేస్తూ కూచున్నాడు. సాయంత్రం అవ్వ పండక్కి వండిన గరిజెల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టేసరికి తాత కదలడం లేదు.

"ఏమైందయ్యా, గట్ల కూసున్నవ్?" అంది అవ్వ కంగారుగా.

"ఆగవే. కీచురాయి దూరం పోయింది. ఉన్నది గని, పక్కింట్ల ఉన్నట్టున్నది."

మర్నాడు పొద్దుటినుంచీ మిషన్ ఆపలేదు. కిక్కిరిసిన దుకాణంలో ఒకావిడ కంచు పళ్లెం చాపింది. తాత దాన్ని కొట్టి, చెవి దగ్గర కాదు, మిషన్ ఉన్న జేబు దగ్గర పెట్టుకున్నాడు. చూసినవాళ్లకు గుండెకు వినిపిస్తున్నట్టనిపించింది. "అంచు కాడ పగులున్నది," అన్నాడు. నాయిన నమ్మక అంచుదాకా నీళ్లు పోశాడు. కాసేపటికి అంచు కింద ఒక్క చుక్క తేలింది. నాయిన ఆ పొద్దున తాను ఆక్రమించిన గల్లా ముందునుంచి లేచి, "కూసో నాయినా," అన్నాడు. ఆ రాత్రి మా ఇంట్లో గరిజెలు ఒక్కటీ మిగల్లేదు.

మొన్న రెండు మిషన్లూ పెట్టుకుని ఆ దారిన నడిచాను. దుకాణం ఉన్నచోట లాడ్జి ఉంది, టాంగాలు లేవు, కంచు కొట్టి చూసేవాళ్లూ లేరు. ఇక లెక్క, కల్తీ లేకుండా: కీచురాయి పోలేదు; తాతకూ చివరిదాకా పోలేదు. పగలు వీధి చప్పుడు ముందుకొస్తే అది వెనక్కి తగ్గుతుంది, పడుకునేముందు మిషన్లు తీయగానే తన చోటుకు తాను వస్తుంది. ఖర్చు అనుకున్నదానికన్నా ఎక్కువే అయింది. వచ్చింది సగం చెవి, సగం శాంతి. గిట్టిందా అంటే గిట్టింది.