తొట్టిలో కలిసిన కుంకుమ

నా చిన్నప్పుడు బందరులో మా అమ్మమ్మ ఇంటి వసారాలో వెడల్పాటి నీళ్ళ తొట్టి ఒకటి ఉండేది. అందులో ఎవరూ చెంబు ముంచకూడదు, చేతులు కడగకూడదు. అది మా చిన్నమావయ్య బొమ్మలు ముంచే తొట్టి.

మావయ్య ఊళ్ళోనే ఒక చిత్రలేఖనం మాస్టారి దగ్గర నేర్చుకునేవాడు. ఆ మాస్టారి గురువు కలకత్తాలో ఉండేవారట. జపాను నుంచి వచ్చిన చిత్రకారుల దగ్గర ఆయన నేర్చిన పద్ధతి అది. కాగితం మీద పల్చగా రంగు వేయడం, బాగా ఆరనివ్వడం, బొమ్మను నీళ్ళలో ముంచి తీయడం, మళ్ళీ రంగు వేయడం. అలా చేస్తూ పోతే రంగుల అంచులు కరిగిపోయి, బొమ్మంతా పొగమంచు పట్టిన పొలంలా కనిపించేది. గోడకు జపాను బొమ్మ ఒకటి తగిలించి ఉండేది. ఓ మూల కొంగ, తక్కినదంతా ఖాళీ. "సగం కాగితం వదిలేశాడేం? పాపం, రంగు అయిపోయిందా?" అనేది అమ్మమ్మ.

మాస్టారు చూసుకోమని ఇచ్చిన రష్యా దేశపు బొమ్మల పుస్తకం కూడా ఉండేది. అందులో మంచు కప్పిన బయళ్ళు, నల్లటి ఏరు, తెల్లటి బోదెలున్న సన్నని చెట్లు. "అన్ని చెట్లకి సున్నం కొట్టిందెవర్రా?" అని అమ్మమ్మ అడిగితే, "వాటి ఒళ్ళే అంతమ్మా" అని మావయ్య నవ్వేవాడు. నాకు తెలిసిన మంచు గిలకలదిండి రేవు దారిలో ఉప్పు తేలి తెల్లబడిన నేల మాత్రమే.

మా అమ్మ నాకు ఆరేళ్ళప్పుడు జ్వరంతో పోయింది. ఆమె ఫొటో ఒక్కటీ లేదు. రెండేళ్ళు తిరిగేసరికి అమ్మమ్మ కళ్ళకు పొరలు కమ్మాయి. చూసిన డాక్టరు పెదవి విరిచాడు. ఆ రోజే ఆమె మావయ్యను అడిగింది: "చూపు ఉండగానే దాని మొహం ఒక్కసారి చూపించరా అబ్బాయ్."

ఆ వేసవంతా మావయ్య ఆ బొమ్మ ఒక్కటే వేశాడు. అక్క మొహాన్ని తలచుకుని తలచుకుని దించాడు. అమ్మమ్మ కాగితానికి ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చుని, "కళ్ళు ఇంకాస్త వాల్చరా, అది ఎవర్నీ సూటిగా చూసేది కాదు" అని చెప్పేది. ఇద్దరూ కలిసి అమ్మను మెల్లమెల్లగా ఇంటికి తీసుకొస్తున్నట్టు ఉండేది.

నాకు మాత్రం ఆ తొట్టి అంటే భయం పట్టుకుంది. ముంచి తీసినప్పుడల్లా అమ్మ పాలిపోయేది. ముఖ్యంగా బొట్టు. అమ్మ ఎర్రగా, రూపాయి కాసంత బొట్టు పెట్టుకునేది. బొమ్మలో అది వడలిన గులాబి రేకు రంగుకు దిగింది. మావయ్య మా అమ్మను కడిగేస్తున్నాడని నమ్మాను. ఎందుకలా చేస్తున్నావని అడగాలని మాత్రం తోచలేదు.

ఒక మధ్యాహ్నం ఇంట్లో అందరూ కునుకు తీస్తుండగా, దేవుడి గూట్లో ఉన్న అమ్మ కుంకుమ భరిణె తెచ్చి, ఉంగరం వేలు తడుపుకుని, తొట్టి పక్కన ఆరబెట్టిన బొమ్మలో ఆ బొట్టు మీద గట్టిగా అద్దాను. అమ్మ ఒక్కసారిగా దగ్గరికి వచ్చినట్టయింది. నేను తొట్టి పక్కనే కూర్చుని ఆమెను చూస్తూ నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి మావయ్య బొమ్మను ఎత్తుతున్నాడు. "ఇదే ఆఖరుసారి ముంచడమమ్మా, రా" అని లోపలికి కేకేస్తూ, అలవాటు కొద్దీ చూడకుండానే నీళ్ళలోకి జార్చాడు. కుంకుమ కరిగింది. ఎరుపు నుదుటి మీంచి కళ్ళలోకి, కళ్ళ మీంచి చెంపల మీదికి పాకింది. మావయ్య గబుక్కున పైకి తీసి తడిగుడ్డతో తుడిచాడు. తుడిచిన చోటల్లా కాగితం పొర లేచి, మొహం దానితోపాటే పోయింది.

అమ్మమ్మ వచ్చి వంగి, "ఏదిరా? మొహం ఏదీ?" అని కాగితమంతా వెతుక్కుంది. నేను ఏడుపు ఆపుకోలేక ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె నా వేలును కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది. "బొట్టు వెలిస్తే చూడలేకపోయాడు పిచ్చివెధవ" అని, నన్ను ఒళ్ళోకి లాక్కుంది.

ఆ సాయంత్రం మావయ్య నన్ను తొట్టి దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. "కాగితంలోకి ఇంకిన రంగు నీళ్ళకి పోదురా. పైపైన నిలిచిందే పోతుంది. ఆ సంగతి నీకు ముందే చెప్పాల్సింది. నీ కుంకుమ కంటే నా కంగారే ఎక్కువ చెడగొట్టింది" అన్నాడు. నన్ను ఊరడించడానికి అన్నాడని అప్పుడే తెలిసింది. అందుకే ఇంకా ఎక్కువ ఏడ్చాను.

అటువంటి మందపాటి కాగితం మళ్ళీ దొరకలేదు. దొరికినా, ఆ మొహం మళ్ళీ తన చేతికి రాదన్నాడు. పాడైన కాగితం మీదే, రష్యా పుస్తకం ముందు పెట్టుకుని, కొన్నాళ్ళు పనిచేశాడు. కుంకుమ మరక మీద పొద్దు వాలే ఆకాశం వచ్చింది. పొర లేచిన చోటు మంచు బయలైంది. రెండు తెల్ల చెట్లు. వాటి మధ్య నుంచి, పమిట నడుముకు బిగించి, అటు తిరిగి వెళ్ళిపోతున్న చిన్న ఆడమనిషి.

అమ్మమ్మ కళ్ళు చికిలించి ఎంతోసేపు చూసింది. "నడక దానిదేరా" అంది. ఆ ఆడమనిషి మీద వేలు ఆనించి, "ఒక్కసారి ఇటు తిరగమనరా దాన్ని" అంది. మావయ్య కుంచె కింద పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయాడు. దసరా వచ్చేసరికి అమ్మమ్మకు వెలుగూ చీకటీ తప్ప మరేమీ తెలియకుండా పోయింది.

ఆ రోజుతో నేను మారానని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. నా భార్య చెప్పబోయే మాట సగంలో ఉండగానే నేను జవాబు చెప్పేవాణ్ణి. మా అబ్బాయి తనంతట తాను కూడదీసుకుంటున్న బతుకులో అడక్కుండా వేలు పెట్టి, వాణ్ణి దూరం చేసుకున్నాను. ప్రతిసారీ ప్రేమ కొద్దీ చేశాననే అనుకున్నాను. కుంకుమ అద్దిన పిల్లవాడూ అలాగే అనుకున్నాడు.

ఆ బొమ్మ ఇప్పుడు నా గదిలో ఉంది. అమ్మ మొహం నాకు గుర్తులేదు, అటు తిరిగి వెళ్ళిపోతున్న ఆ రూపమే గుర్తు. ఎవరి పనిలోనైనా చెయ్యి పెట్టబోతే, ఈ ముసలితనంలో మాత్రం, ముందు నా ఉంగరం వేలు చూసుకుంటాను. తర్వాత, "ఇదెందుకిలా చేస్తున్నావు?" అని అడుగుతాను. ఆ వేసవిలో మావయ్యను నేను అడగవలసిన మాట అది.