కండక్టరమ్మ కథలు లేచి నిలబడ్డాయి

ఆ నగరంలో కథ చెప్పి మరీ టికెట్టు కొట్టిన కండక్టరు ఆమె ఒక్కతే. డిపోలోనూ వీధిలోనూ అందరికీ ఆమె కండక్టరమ్మే. కోపమొచ్చినప్పుడు కన్నకూతురు కూడా అమ్మా అనడం మానేసి "ఓ కండక్టరమ్మా!" అని పిలిచేది.

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ రైల్వే స్టేషనుకీ ఏటి అవతలి కాలనీకీ మధ్య తిరిగే బస్సే ఆమె లోకం. గడియార స్తంభం కనపడగానే మొదలుపెట్టేది. "ఈ గడియారం ఎప్పుడూ వెనకబడే ఎందుకు నడుస్తుందో తెలుసా? దీన్ని కట్టిన తాత కూతురు పొరుగూరు వెళ్ళింది. పొద్దుగూకే లోపల వస్తానంది. పొద్దుగూకితే కూతురు మాట తప్పినట్టవుతుందని, ఆ తాత పైకెక్కి ముల్లు పట్టుకుని వేలాడాడు..." అంతలో తరవాతి స్టాపు వచ్చేది. "మిగతాది తిరుగు బస్సులో! దిగండి, దిగండి, ఫుట్‌బోర్డు మీద వేలాడకండి!" తిరుగు బస్సులో ఎక్కేవాళ్ళు వేరే మనుషులు. వంతెన మీది రాతి సింహం కథా అంతే, పాత మార్కెట్లో మాటకు మాట బదులు చెప్పే బావి కథా అంతే. ఊరి కథలన్నీ ఆమె నోట్లోనే ఉన్నాయి గానీ, ఒక్కదానికీ చివర లేదు.

రిటైరయ్యాక కూతురింట్లో ఉంటోంది. కూతురు మందుల షాపులో షిఫ్టుల మీద పనిచేస్తుంది. అల్లుడు నీటి సరఫరా వాళ్ళ ల్యాబులో కెమిస్టు. ల్యాబులో నీళ్ళు మాత్రమే పరీక్షిస్తాడు, ఇంట్లో కనపడిన ప్రతిదాన్నీ పరీక్షిస్తాడు. తన చిన్నారి కూతురు తుమ్మితే థర్మామీటరు వెతుకుతాడు, తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదా అని చూస్తాడు.

"అల్లుడుగారూ, పిల్ల తుమ్మింది. భూకంపం రాలేదు" అనేది కండక్టరమ్మ.

అలాంటి మనిషికి నిజంగానే భయపడవలసిన సంగతి ఎదురైంది. ఆ పిల్లకి నాలుగేళ్ళు. ఒకచోట నిలవదు కాబట్టి పిట్ట అని పిలుస్తారు. బడిలో చేర్చుకునే ముందు కళ్ళు చూపించమంటే చూపించారు. ఎడమ కన్ను సరిగ్గా పనిచేయడం లేదని తేలింది. "కన్ను బాగానే ఉంది, బద్ధకించింది" అంది డాక్టరమ్మ. "మంచి కంటికి పట్టీ వేసి, దీనిచేత పని చేయించాలి. చిన్నప్పుడైతేనే కంటికీ మెదడుకీ పొత్తు కుదురుతుంది. ఆలస్యమైతే కష్టం."

ఆ చివరి మాట అతని గుండెలో ముల్లులా దిగబడిపోయింది. ఇంటర్నెట్లో దొరికిన పరిశోధనా పత్రాలన్నీ చదివాడు. చదివినకొద్దీ భయం పెరిగిందే గానీ పట్టీ మాత్రం పిట్ట కంటి మీద నిలవలేదు. వేసిన పట్టీ ఒకసారి ఫ్రిజ్‌కి అతుక్కుని కనిపించేది, ఒకసారి అతని ఆఫీసు బ్యాగుకి. ఒకనాడు దాన్ని చొక్కా వీపు మీద అంటించుకునే ల్యాబుకి వెళ్ళొచ్చాడు.

"పట్టీ వేస్తే ఇల్లు పోతోంది నాన్నా" అంది పిట్ట ఏడుస్తూ. పట్టీ వేస్తే పిల్లకి నిజంగానే ఇల్లు పోతోంది.

కండక్టరమ్మ కథ చెబితే మాత్రం పట్టీ ఉండేది. హమ్మయ్య అనుకున్నారు. అతనొకసారి దగ్గరికొచ్చి చూస్తే అసలు సంగతి బయటపడింది. పట్టీ కింద మంచి కన్ను, పట్టీ లేని బద్ధకపు కన్ను, రెండూ హాయిగా మూసుకుని వింటోంది పిట్ట.

"అత్తయ్యా, పని చెప్పాల్సింది కంటికి. మీరు చెవికి చెబుతున్నారు" అన్నాడు నీరసంగా.

"నా బస్సులోనూ అంతే, సగంమంది కళ్ళు మూసుకునే వినేవాళ్ళు" అందామె. ఆ తరవాత కాస్త ఆలోచించి, "అయితే కథని కంటి ముందు నిలబెట్టండి. మీరు చదువుకున్నారుగా" అంది.

ఆ మాటతోనే పుస్తకం మొదలైంది. తెరిస్తే బొమ్మలు లేచి నిలబడాలి, పట్టుకుని లాగితే కదలాలి. ఒక్కో స్టాపుకి ఒక్కో పేజీ. ఒంటి కంటికి దూరం దగ్గర అంత బాగా తెలియదు, కానీ లేచి నిలబడ్డ బొమ్మనైతే చేత్తో తడిమి తెలుసుకోవచ్చని అతని లెక్క. సెలవు రోజున వెళ్ళి గడియార స్తంభానికి అన్ని వైపులా ఫొటోలు తీసుకొచ్చాడు. చదువుకునే రోజుల్లో ల్యాబు రికార్డుల్లో బొమ్మలు గీసిన అలవాటు కొద్దీ సన్నటి పెన్సిలుతో ప్రతి ఇటుకా గీశాడు. గడియారం ముళ్ళు వెంట్రుకంత సన్నంగా, ముచ్చటగా కుదిరాయి. పేజీ తెరిస్తే స్తంభం నిటారుగా లేచింది. భార్య చూసి చప్పట్లు కొట్టింది. కండక్టరమ్మ కూడా "అచ్చం అదే!" అంది.

పట్టీ వేసి పిట్ట ముందు పెట్టారు. పిట్ట పేజీ తెరిచింది. మొహం దగ్గరికి తెచ్చుకుంది, దూరం పెట్టింది. వేలితో అటూ ఇటూ వెతికింది.

"ఇందులో ఏం లేదు నాన్నా."

"గడియారం ఉంది కదమ్మా. ముళ్ళు చూడు."

"లేదు!" పుస్తకం విసిరికొట్టి మంచం కిందికి దూరింది.

కన్ను ఇంకా పాడైందా? అప్పుడే ఆలస్యమైపోయిందా? వంగి పుస్తకం తీసుకున్నాడు గానీ కళ్ళు చెమర్చి ఏమీ కనపడలేదు. తుడుచుకుందామని కళ్ళజోడు తీశాడు. తుడుచుకున్నాక, జోడు పెట్టుకోకుండా చూస్తే అప్పుడూ ఏమీ కనపడలేదు. తెల్లటి అట్ట మీద బూడిద పులిమినట్టుంది. ముళ్ళు లేవు, ఇటుకలు లేవు. ఒక్కసారిగా గట్టిగా నవ్వాడు.

"ఏమైందండీ?" అంది భార్య కంగారుగా.

"పిల్ల అబద్ధం చెప్పలేదు. ఇందులో ఏమీ లేదు."

ఆ రోజు నుంచి కళ్ళజోడు తీసేశాకే పనిలో కూర్చున్నాడు. అలా తనకి కనపడనిదేదీ పుస్తకంలోకి రాకూడదని నియమం పెట్టుకున్నాడు. చెప్పుల డబ్బాల అట్టలు తెచ్చారు. దట్టమైన పసుపు, నలుపు, ఎరుపు రంగులు తెచ్చారు. ముందు వంతెన సింహం. అది రోజూ చీకటి పడ్డాక దిగి ఏట్లో నీళ్ళు తాగి వస్తుందనీ, తెల్లారి చూస్తే పాదాలు తడిగా ఉంటాయనీ కథ. పేజీ అంచున ఉన్న అట్టముక్క లాగితే సింహం కిందికి దిగాలి. కళ్ళజోడు లేకుండా అంటించడం వల్ల మడత తిరగబడింది. పుస్తకం తెరిస్తే సింహం పడుకుంది, మూస్తే సగం బయటికొచ్చి వేలాడింది.

"ఫుట్‌బోర్డు ప్రయాణం! దింపెయ్యండి దాన్ని!" అంది కండక్టరమ్మ. పట్టీకి భయపడి పిట్ట దాక్కున్న మంచం కింద నుంచి కిచకిచమని నవ్వు వినపడింది. ఆ నవ్వుకోసమే మరో నాలుగు రకాలుగా తప్పు అంటించినా ఫరవాలేదనిపించింది అతనికి.

మడత సరిచేశాక పిట్ట సింహాన్ని లాగింది. పసుపుపచ్చటి సింహం నల్లటి వంతెన మీది నుంచి దిగింది. "తాగుతోంది! అమ్మమ్మా, సింహం తాగుతోంది!" మళ్ళీ ఎక్కించింది, మళ్ళీ దింపింది. పట్టీ సంగతే మరిచిపోయింది. తరవాత అడిగింది, "తాగి ఏం చేసింది?"

"మిగతాది తిరుగు బస్సులో" అంది కండక్టరమ్మ అలవాటుగా.

"బస్సేది? ఇప్పుడే చెప్పు."

ఇన్నేళ్ళ సర్వీసులో ఆ మాట ఎవరూ అడగలేదు. "నాకూ తెలియదే తల్లీ" అంది కండక్టరమ్మ చిన్నపిల్లలా.

"అయితే వెతుకుదాం" అంది పిట్ట.

అల్లుడికి మెరుపు మెరిసినట్టయింది. కథల చివరలన్నీ పేజీల్లోనే దాచేశాడు. వంతెన కింద తలుపు తీస్తే చేప, చేప పొట్ట తెరిస్తే తాళంచెవి. ప్రతి వారం కొత్త తలుపులు అంటించేవాడు. దాచే వస్తువు ఒక్కోసారికి కొంచెం చిన్నదయ్యేది. ఏం దాచాలో అత్తగారు చెప్పేది, ఎంత చిన్నగా దాచాలో అల్లుడు తేల్చేవాడు. ఇద్దరూ కొట్టుకునేవాళ్ళు కూడా.

"బావిలో చందమామని పెట్టండి."

"బావిలో చందమామ ఎలా ఉంటాడు అత్తయ్యా, నీడ కదా?"

"మీ ల్యాబులో ఉండడేమో, నా బావిలో ఉంటాడు."

చందమామని పెట్టాడు. ఒకరోజు పిట్ట సింహం పేజీ నుంచి, రంగులతో మళ్ళీ చేసిన గడియారం పేజీకి తిప్పి, స్తంభం మీద వేలాడుతున్న తాతని వేలితో చూపించి తీర్పు చెప్పేసింది. "సింహం ఈ తాతకే నీళ్ళు తెస్తోంది. పాపం, దాహమేస్తుంది కదా." కండక్టరమ్మ మనవరాలిని ఒళ్ళోకి లాక్కుని చాలాసేపు వదల్లేదు.

తరవాతి పరీక్షకి పిట్టని తీసుకుని అత్తా అల్లుడూ వెళ్ళారు. గోడ మీద బొమ్మల పట్టిక ఉంది. పైన పెద్దవి, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. మంచి కన్ను మూశారు. అతను గోడ వైపు చూడలేక నేల వైపు చూశాడు. పిట్ట ఇల్లు అంది, పడవ అంది. కిందటిసారి ఆగిపోయిన వరుస దగ్గర ఆగింది.

"గొడుగు. కప్పు. అది... పక్షి." కింది వరుసలోకి దిగింది. "ఇది చేప. దీని పొట్టలో ఏముంది?"

డాక్టరమ్మ నవ్వింది. "కన్ను పనిలోకి దిగింది. పట్టీ ఇంకా కొన్నాళ్ళు ఉండాలి, మానకండి. కానీ దారిలో పడింది." పుస్తకం తిరగేసి చూసి, తలుపులన్నీ తీసి చూసి, ఇక్కడికొచ్చే పిల్లలకి ఇలాంటిదొకటి చేసిస్తారా అని అడిగింది.

వరండాలోకి వచ్చాక అతను అత్తగారి వైపు తిరిగాడు. భయపడటంలో సాయం చేసేవాళ్ళు లోకంలో బోలెడుమంది దొరికారు. భయం పక్కనే కూర్చుని జిగురు పూసింది మాత్రం ఈమె.

"అత్తయ్యా, మీ రుణం..."

"ఊరుకోండి, పిల్ల చూస్తోంది. రుణమేమిటి? నోట్లో సగం సగం నానుతున్న కథలకి మీరు చివరలు పెట్టించారు. నా రుణం నేనెవరితో చెప్పుకోవాలి?" అంది కండక్టరమ్మ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "డాక్టరమ్మ పుస్తకానికి అట్టలు కావాలి. దారిలో చెప్పుల షాపు దగ్గర అడుగుదాం, పదండి."

పిట్ట ఇద్దరి చేతులూ పట్టుకుని మెట్ల వైపు లాగింది. ఒక్కో మెట్టూ పట్టీ లేని ఎడమ కంటితో చూసుకుంటూ, ఎవరూ ఎత్తుకోకుండానే దిగింది.