లాలాగూడ కరీం సాబుతో వలస పిట్టల కోసం

నిరుడు రజాకార్ల గొడవల్లో సికింద్రాబాదు ప్రయాణం మానుకున్నాను. ఈసారి పోలీసు చర్య ముగిసి నెల దాటిందో లేదో లాలాగూడ నుంచి కరీం సాబు కార్డు రాశారు. ఆయన రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరయిన మనిషి. చలికాలం ముందు ఉత్తరాది నుంచి దిగే వార్బ్లర్ అనే చిన్న ఆకురంగు పిట్టలను గుర్తుపట్టడం నాకు నేర్పింది ఆయనే. "కండ్లల్ల పొర కమ్ముతున్నది మాస్టర్ సాబ్. ఈ యేడు రాకుంటే మల్ల కలిసి చూసుడు అయితదో కాదో" అని కార్డులో ఉంది.

బెజవాడలో పొద్దున ఏడింటికి ఎక్కిన బండిని సరిహద్దులోనే రెండు గంటలు ఆపేశారు. నా సంచిలో దుర్భిణి చూసి ముగ్గురు తనిఖీదార్లు మూడుసార్లు సంజాయిషీ అడిగారు. పిట్టలను చూడడానికి అంటే ఒక్కరూ నమ్మలేదు. చిలకలగూడలో మా పెద్దమ్మ కూతురింటికి చేరేసరికి వండినవన్నీ చల్లారిపోయాయి. "ఈ రోజుల్లో పిట్టలేమిట్రా తమ్ముడూ!" అని అక్క కూడా అందుకుంది.

మర్నాడు ఐదున్నరకల్లా లాలాగూడలో ఉన్నాను. కరీం సాబు షేర్వానీ తొడుక్కుని తలుపు తీశారు గాని, గడప దాటరు.

"నెల రోజులాయె, గల్లీ మొగదాంక సుత పోలే. నువ్వు పక్కకే ఉంటవు గదా?"

"ఉండడానికే వచ్చానండీ. ఎండెక్కితే పిట్టలు కనబడవు, పదండి" అని కసిరాను. ఆయన నా భుజం పట్టుకుని గడప దాటారు.

దారి మూసేశారంటూ టాంగావాడు ఊరంతా తిప్పాడు. మేమెప్పుడూ పిట్టలు చూసే తోటకు ఆరింటికి చేరవలసినవాళ్ళం ఏడున్నరకు చేరాం. గేటు దగ్గర కాపలా జవాను దుర్భిణి లాక్కుని పేర్లడిగాడు. శామ్యూల్ అన్నాను. ఊరుకున్నాడు. కరీం సాబు తన పేరు చెప్పగానే ఆయన్ని ఎగాదిగా చూసి, "దీంతో ఎవరికి సైగలు చేస్తారు?" అని హిందీలో గద్దించాడు.

"పిట్టలకు!" అన్నాను నేను.

అనకుండా ఉండవలసింది. హవల్దారు వచ్చేదాకా గేటు ఎదుటి బెంచీ మీద నుంచి కదలొద్దన్నాడు. పిట్టలుండే చెట్లన్నీ తోట లోపల ఉన్నాయి. ఒళ్ళు మండిపోయి, రైలునీ టాంగానీ నా నోటినీ కలిపి తిట్టుకుంటూ కూర్చున్నాను.

"జెర సప్పుడు జెయ్యకు" అన్నారు కరీం సాబు.

కోపమొచ్చిందేమో అనుకున్నాను. ఆయన తల పక్కకు వంచి వింటున్నారు. మా నెత్తి మీది నిద్రగన్నేరు కొమ్మల్లోంచి 'చిస్‌వీ, చిస్‌వీ' అని సన్నని కూత.

"వచ్చినయ్! నాకైతే ఆకులే కనవడుతున్నయ్, నువ్వు జెప్పు. కన్ను మీద లేత గీత ఉన్నదా?"

"ఉందండీ."

"రెక్క మీద పట్టీ?"

"ఒక్కటే, సన్నది."

"గదే! ఇంకోటి ఉంటది, జూడు."

ఇంకొకటి ఉంది. దాని వెనక మరొకటి. ఆయన కూత వినడం, నేను మెడ నొప్పెట్టేలా వెతికి చెప్పడం. జవాను దగ్గరికొచ్చి ఏమిటన్నాడు. కరీం సాబు పైకి చూపించారు. వాడు కాసేపు చూసి, ఏమీ లేదు పొమ్మన్నట్టు చెయ్యి విదిలించి వెళ్ళిపోయాడు.

తొమ్మిదిన్నరకు హవల్దారు తీరిగ్గా వచ్చి దుర్భిణి చేతిలో పెట్టి, ఇక లోపలికి పోవచ్చన్నాడు. అప్పటికి ఎండ ముదిరింది, పిట్టలన్నీ సద్దుమణిగాయి. నేను టాంగా పిలవబోతే కరీం సాబు వద్దన్నారు.

"నడుసుకుంట పోదం. గల్లీల జనం నన్ను జూడనీ."

తిరుగు బండి కూడా ఆలస్యమే. కాజీపేటలో ఎక్కిన పెద్దమనిషి నా కథంతా విని, "పిట్టల కోసం ఇంత దూరమా? మీ బెజవాడలో లేవా ఏం?" అన్నాడు.

ఉన్నాయి. మా బడి ఆవరణలోనే ఉన్నాయి. వాటి కోసమే అయితే ఈ రోజుల్లో ఈ బండి ఎక్కవద్దని చదువరులకు నా సలహా. నేను మాత్రం వచ్చే ఏడు కూడా ఎక్కుతాను. కరీం సాబు ఉండేది లాలాగూడలో.